నాలుగు సువార్తలు పక్కపక్కన పెట్టి చదివితే

అందరికీ నమస్కారం. ఈ రోజు మాట్లాడబోయేది చాలామంది ప్రాణంతో సమానంగా చూసుకునే పుస్తకం గురించి. ఆ సంగతి తెలిసే మాట్లాడుతున్నాను. ఈ హాల్లో విశ్వాసులు ఉన్నారు, విశ్వాసం వదిలేసినవాళ్లు ఉన్నారు, మొదటి నుంచీ నమ్మనివాళ్లూ ఉన్నారు. నేను మూడో రకం. అయినా బైబిలును నేను తేలిగ్గా తీసుకోను. తేలిగ్గా తీసుకునేవాడు ఇన్నేళ్లు దాన్ని చదువుతూ కూర్చోడు.

నేను ప్రశ్నించేది ఒకే ఒక్క మాటను. "ఇందులో ఒక్క తప్పు లేదు, ఒక చోట చెప్పినదానికి ఇంకో చోట చెప్పినది అడ్డు రాదు, ఎందుకంటే ఇది దేవుడి నోటి మాట" అంటారు చూడండి, ఆ మాటను. చాలామంది బోధకులు అక్కడితో ఆగరు. "ఒక్క తప్పు చూపించండి చూద్దాం" అని సవాలు కూడా విసురుతారు. సవాలు విసిరాక ఎవరో ఒకరు లేచి నిలబడాలి కదా?

మామూలుగా మనం యేసు జీవితకథ చెప్పే నాలుగు పుస్తకాల్ని, అంటే సువార్తల్ని, ఎలా చదువుతాం? మత్తయి మొదలుపెట్టి చివరిదాకా వెళతాం. తర్వాత మార్కు, తర్వాత లూకా, తర్వాత యోహాను. యోహాను దగ్గరికి వచ్చేసరికి మత్తయిలో ఏ రోజు ఏం జరిగిందో ఎవరికి గుర్తుంటుంది? అన్నీ కలిసి మనసులో ఒకే కథ అయిపోతాయి. అలా కాకుండా ఒక్క సంఘటన తీసుకోండి. అది నాలుగు చోట్లా ఎలా ఉందో నాలుగు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి పెట్టుకుని చదవండి. ఈ రోజు నేను చేసేది అంతే. బయటి నుంచి ఏమీ తేవక్కర్లేదు, చాలా వరకు.

ముందు పాత నిబంధన నుంచి, అంటే బైబిల్లో యేసుకు ముందు కాలపు భాగం నుంచి, ఒక చిన్న లెక్క. చిన్నదే, కానీ శ్రద్ధగా వినండి. యూదా రాజ్యానికి యెహోరాము అని ఒక రాజు. రెండవ దినవృత్తాంతములు 21వ అధ్యాయం ప్రకారం ఆయన 32 ఏళ్ల వయసులో రాజయ్యాడు, 8 ఏళ్లు ఏలాడు, చనిపోయాడు. అంటే చనిపోయేనాటికి 40. వెంటనే 22వ అధ్యాయంలో ఆయన కొడుకు అహజ్యా సింహాసనం ఎక్కుతాడు. ఎన్నేళ్లకు? 42. తండ్రి 40 ఏళ్లకు పోతే, వెంటనే రాజైన కొడుక్కి 42 ఏళ్లు. తండ్రికన్నా కొడుకు రెండేళ్లు పెద్ద! పైగా అదే అధ్యాయం మొదటి వచనం ఏమంటుంది? ఈ అహజ్యా అందరిలోకీ చిన్న కొడుకట. అన్నలందరినీ శత్రువులు చంపేస్తే మిగిలినవాడట. ఇదే అహజ్యాకు రెండవ రాజులు 8వ అధ్యాయంలో వయసు 22 అని ఉంది. అది సరిపోతుంది.

దీనికి జవాబు నాకు తెలుసు. "నకలు రాసినవాడు పొరపడ్డాడు, 22 కాస్తా 42 అయింది" అంటారు. నేనూ ఒప్పుకుంటాను, బహుశా అదే జరిగింది. కొన్ని ఆధునిక అనువాదాలైతే హీబ్రూలో ఉన్న 42ను పక్కనపెట్టి 22 అనే అచ్చువేస్తున్నాయి, అడుగున ఒక చిన్న గమనిక పెట్టి. కానీ ఆ జవాబు చెప్పగానే ఏం ఒప్పుకున్నట్టయింది? మన చేతిలో ఉన్న పుస్తకంలో తప్పు ఉందని. దేవుడి మాటలోకి మనిషి పొరపాటు దూరగలదని, దూరి శతాబ్దాల తరబడి అక్కడే ఉండిపోగలదని. ఒక అంకె దగ్గర దూరినది ఇంకెక్కడా దూరలేదని ఎవరు హామీ ఇస్తారు?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి, అన్నిటి దగ్గరా ఆగను. దావీదు జనాన్ని లెక్కపెట్టించిన కథ మాత్రం ఒకసారి చూడండి. రెండవ సమూయేలు 24లో ఆ పనికి దావీదును ప్రేరేపించింది యెహోవా. మొదటి దినవృత్తాంతములు 21లో ప్రేరేపించింది సాతాను. ఇది అంకె తేడా కాదు. నకలు రాసేవాడి చెయ్యి జారితే యెహోవా సాతాను అయిపోడు. తర్వాతి కాలంలో రాసినవాడికి, దేవుడే పాపం చేయించి దేవుడే శిక్షించడం ఇబ్బందిగా అనిపించింది, అందుకే మార్చి ఉంటాడు. ఆ ఇబ్బంది పడ్డాడు చూడండి, ఆ మనిషి మీద నాకు గౌరవం ఉంది. కానీ మార్చాడన్నది మార్చాడన్నదే.

సిలువ వేసింది ఏ రోజు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. క్రైస్తవ విశ్వాసంలో సిలువ మరణం కన్నా ముఖ్యమైన సంఘటన ఏదైనా ఉందా? పునరుత్థానం ఉంది, అంతే. మరి యేసును ఏ రోజున సిలువ వేశారు? శుక్రవారం. నాలుగు సువార్తలూ ఒప్పుకుంటాయి. కానీ ఆ శుక్రవారం యూదుల పస్కా పండుగకు ముందురోజా, పండుగ రోజా?

ఇక్కడ కాస్త నెమ్మదిగా వెళదాం. యూదుల లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. నీసాను నెల 14న మధ్యాహ్నం పస్కా గొర్రెపిల్లల్ని దేవాలయంలో వధిస్తారు. పొద్దుగూకాక, అంటే 15వ తేదీ మొదలయ్యాక, ఆ మాంసంతో పస్కా భోజనం చేస్తారు. ఇది గుర్తుపెట్టుకోండి.

మార్కు 14వ అధ్యాయం 12వ వచనం. పస్కా పశువును వధించే రోజున శిష్యులు యేసును అడుగుతారు, "నువ్వు పస్కా భుజించడానికి ఎక్కడ సిద్ధం చేయమంటావు?" అని. ఆయన చెబుతాడు, వాళ్లు వెళ్లి సిద్ధం చేస్తారు. సాయంత్రమయ్యాక పన్నెండుమందితో కూర్చుని తింటాడు. రొట్టె విరిచింది, గిన్నె ఇచ్చింది ఆ భోజనంలోనే. ఆ రాత్రే పట్టుకుంటారు, తెల్లారాక సిలువ వేస్తారు. అంటే పస్కా భోజనం అయిపోయింది, ఆ మర్నాడు పగలు సిలువ. మత్తయి, లూకా కూడా ఇదే చెబుతారు.

ఇప్పుడు యోహాను 18వ అధ్యాయం 28వ వచనం. యేసును రోమన్ అధిపతి పిలాతు దగ్గరికి తెచ్చినవాళ్లు అధికార మందిరం లోపలికి అడుగుపెట్టరు. ఎందుకు? లోపలికి వెళితే అపవిత్రులమవుతాం, అపవిత్రులైతే పస్కా తినలేం అని. ఇంకా తినలేదన్నమాట! 19వ అధ్యాయం 14వ వచనంలో ఇంకా స్పష్టంగా ఉంటుంది, పిలాతు తీర్పు చెప్పిన ఆ రోజు పస్కాకు సిద్ధపరచే రోజు. మార్కులో అప్పటికే తినేసిన భోజనం యోహానులో ఇంకా వండలేదు. యోహానులో కడరాత్రి భోజనం ఉంది, అందులో యేసు శిష్యుల కాళ్లు కడుగుతాడు. అది పస్కాకు ముందే జరిగిందని 13వ అధ్యాయం మొదటి మాటలోనే చెబుతాడు.

మరి యోహాను ఎందుకలా రాశాడు? నాకైతే ఇదే అన్నిటికన్నా ఆసక్తిగా ఉంటుంది. యోహాను సువార్త మొదటి అధ్యాయంలోనే యేసును చూపించి "ఇదిగో దేవుని గొర్రెపిల్ల" అనిపిస్తాడు. ఇంకే సువార్తలోనూ యేసుకు ఆ పేరు లేదు. ఆ గొర్రెపిల్ల ఎప్పుడు చనిపోవాలి? గొర్రెపిల్లల్ని వధించే వేళకు. ఇంకోటి చూడండి. సిలువ మీద ఆయన కాళ్లు విరగ్గొట్టలేదని యోహాను ఒక్కడే రాస్తాడు, "ఎముకల్లో ఒక్కటీ విరవబడదు" అనే లేఖనం నెరవేరడానికి అని కారణం కూడా చెబుతాడు. నిర్గమకాండము 12లో పస్కా గొర్రెపిల్ల గురించి ఉన్న నియమం అది, దాని ఎముక విరవకూడదని. ఇప్పుడు అర్థమవుతోందా? ఆయనకు కావలసింది తారీఖు కాదు, అర్థం. అర్థం కోసం తారీఖు జరిపాడు. లేదా ఆయనదే సరైన తారీఖు, మార్కు జరిపాడు. రెంటిలో ఒకటి జరిగింది. రెండూ నిజం కావడానికి మాత్రం వీల్లేదు.

నకలు రాసినవాడి మీదికి నెట్టేద్దామా? కుదరదు. ఒక అంకె మారిస్తే సరిపోయే తేడా కాదిది. ఇటు మార్కులో ఒక సన్నివేశం మొత్తం, అటు యోహానులో సువార్త కట్టడమే ఈ తేదీ మీద నిలబడి ఉంది.

పుట్టుక కథ దగ్గరా ఇంతే. మత్తయిలో హేరోదు రాజు బతికుండగా యేసు పుట్టాడు. హేరోదు చనిపోయింది క్రీ.పూ. 4లో. ఆ బిడ్డను చంపాలని హేరోదు బేత్లెహేము పసిపిల్లల్ని చంపించాడు. కుటుంబం ముందే ఐగుప్తుకు పారిపోయింది, తిరిగొచ్చేసరికి హేరోదు కొడుకు అర్కెలాయు ఏలుతున్నాడు, అతనికి భయపడి నజరేతుకు వెళ్లి స్థిరపడ్డారు. లూకాలో వాళ్లు మొదటినుంచీ నజరేతువాళ్లే. కురేనియు సిరియాకు అధిపతిగా ఉండగా జరిగిన జనాభా లెక్కింపు కోసం బేత్లెహేము వచ్చారు. ఆ లెక్కింపు ఎప్పటిది? యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. రోమన్లు అర్కెలాయును పదవి నుంచి తీసేసి, యూదయను తమ పాలనలోకి తెచ్చుకున్నాక, క్రీ.శ. 6లో. అంటే మత్తయిలో యేసు పుట్టాకే అర్కెలాయు గద్దె ఎక్కాడు, లూకా చెప్పే లెక్కింపు అర్కెలాయు గద్దె దిగాక జరిగింది. మధ్యలో దాదాపు పదేళ్లు. "కురేనియు అంతకుముందు కూడా ఒకసారి అధిపతిగా ఉన్నాడేమో" అంటారు. హేరోదు చివరి ఏళ్లలో సిరియాను ఏలినవాళ్ల పేర్లు జోసీఫస్‌లో ఉన్నాయి, సాటర్నినస్, వారస్. కురేనియు పేరు లేదు.

లూకా కథలో ఐగుప్తు లేదు, పసిపిల్లల వధ లేదు. శుద్ధి దినాలు గడిచాక బిడ్డను యెరూషలేము దేవాలయానికి తీసుకెళ్లి, చేయవలసినవన్నీ చేసి, నజరేతుకు తిరిగి వెళ్లిపోయారు. చంపడానికి వెతుకుతున్న రాజు ఉండే ఊరికి ఎవరైనా బిడ్డను ఎత్తుకుని వెళతారా?

సాక్షులు చెప్పిన మాటలేనా?

ఇక్కడ ఒక వాదన తప్పకుండా వస్తుంది. "ఒక ప్రమాదం జరిగితే నలుగురు సాక్షులు నాలుగు రకాలుగా చెబుతారు. అందరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే చెబితేనే అనుమానించాలి" అని. మంచి వాదన, నిజంగానే. కానీ సువార్తలకు అది వర్తించాలంటే ముందు వాళ్లు సాక్షులు కావాలి. లూకా తన మొదటి నాలుగు వచనాల్లోనే చెబుతాడు, మొదటినుంచీ కన్నులారా చూసినవాళ్లు తమకు అప్పగించినదాన్ని తాను పరిశోధించి రాస్తున్నానని. తాను చూశానని ఆయన అనలేదు. నాలుగు సువార్తల్లోనూ కథలో ఎక్కడా రచయిత తన పేరు చెప్పుకోడు. ఈ నలుగురి పేర్లూ కలిపి, నాలుగే సువార్తలని మనకు గట్టిగా చెప్పేది రెండో శతాబ్దం చివరిలో, సుమారు 180లో, ఐరేనియస్ అనే బిషప్.

అంతకన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. మార్కులోని వచనాల్లో అత్యధిక భాగం మత్తయిలో మళ్లీ కనిపిస్తుంది, చాలాచోట్ల అవే మాటలు, అదే వరుస. మత్తయి, లూకా ఇద్దరూ మార్కును ముందు పెట్టుకుని రాశారని అత్యధిక పండితులు అంగీకరిస్తారు. ఒకరిది చూసి ఒకరు రాసినప్పుడు స్వతంత్ర సాక్ష్యం అనగలమా? పోలిక ఉన్నచోట అది నకలు. తేడా ఉన్నచోట కావాలని చేసిన మార్పు. రెండింటిలో ఏదీ సాక్షి లక్షణం కాదు.

ఇవన్నీ మతం మీద కక్షగట్టినవాళ్లు కనిపెట్టారని అనుకోకండి. దయచేసి అనుకోకండి. రెండో శతాబ్దంలోనే తాతియాను అనే క్రైస్తవుడు నాలుగు సువార్తల్నీ కలిపి ఒకే కథగా కుట్టాడు. నాలుగూ ఒకటే చెబుతుంటే ఆ కష్టం ఎందుకు? సిరియా సంఘాల్లో చాలాకాలం దాన్నే చదివారు. అయిదో శతాబ్దంలో థియోడొరెట్ అనే బిషప్ తన ప్రాంతంలో రెండు వందలకు పైగా అలాంటి ప్రతులు సేకరించి తీసేయించి, నాలుగు సువార్తల్ని పెట్టించాల్సి వచ్చింది. మూడో శతాబ్దంలో ఓరిగెన్ అనే క్రైస్తవ పండితుడైతే, సువార్తలు అక్షరార్థంలో పొసగవని ఒప్పుకుని, సత్యాన్ని ఆధ్యాత్మిక అర్థంలో వెతకాలన్నాడు. 400 ప్రాంతంలో అగస్టీన్ అనే బిషప్ సువార్తల మధ్య పొందిక చూపించడానికి ఒక గ్రంథమే రాశాడు. వీళ్లెవరూ నాస్తికులు కాదు. సమస్య ఉందని వాళ్లకు తెలుసు. ఇవాళ వేదిక మీద నిలబడి "సమస్యే లేదు" అని చెప్పేవాళ్లకే తెలియడం లేదు, లేదా తెలిసీ చెప్పడం లేదు.

ఇప్పుడు ప్రతుల సంగతి, అంటే పాత చేతిరాత నకళ్ల సంగతి. మార్కు సువార్త ఎలా ముగుస్తుంది? మీ బైబిల్లో 16వ అధ్యాయం 20వ వచనంతో. నాలుగో శతాబ్దానికి చెందిన రెండు గొప్ప ప్రతులున్నాయి, సినాయ్ ప్రతి, వాటికన్ ప్రతి. రెండింట్లోనూ మార్కు 8వ వచనంతో ఆగిపోతుంది. స్త్రీలు ఖాళీ సమాధి చూసి, వణుకుతూ పారిపోయి, భయంతో ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. అంతే, అయిపోయింది. లేచిన యేసు ఎవరికీ కనబడడు. వాటికన్ ప్రతిలో ఆ పేజీ ఫొటో ఆన్‌లైన్‌లో ఉంది, ఎవరైనా చూడొచ్చు. పేజీకి మూడు నిలువు వరుసలు. రెండో వరుసలో 8వ వచనం దగ్గర మార్కు ముగుస్తుంది. మూడో వరుస మొత్తం ఖాళీ. లూకా తర్వాతి పేజీలో మొదలవుతుంది. అలా ఎందుకు వదిలాడో ఆ రాసినవాడే చెప్పాలి. ఇంకా ముగింపు ఉందని విన్నాడేమో, తన ముందున్న ప్రతిలో లేదేమో.

మరి 9 నుంచి 20 దాకా ఎవరు రాశారు? మార్కు కాదని విశ్వాసులైన పండితుల్లోనే చాలామంది అంటారు. భాష తేడా, తీరు తేడా. చాలా బైబిళ్లలో దాన్ని బ్రాకెట్లలో పెట్టి అచ్చువేస్తున్నారు. "సరే, పన్నెండు వచనాలు, దానికింత రాద్ధాంతమా" అనొచ్చు మీరు. ఆ పన్నెండులో ఏముందో చూడండి. నమ్మినవాళ్లు పాముల్ని ఎత్తిపట్టుకుంటారు, విషం తాగినా వాళ్లకు హాని జరగదు అని ఉంది. అమెరికాలోని అపలేచియా కొండ ప్రాంతాల్లో 20వ శతాబ్దం తొలి దశాబ్దాల నుంచి కొన్ని సంఘాలు ఈ వచనాన్ని నమ్మి ఆరాధనలో విషసర్పాల్ని చేత్తో పట్టుకుంటున్నాయి. ఆ ఆచారాన్ని వ్యాప్తి చేసినవాళ్లలో ముఖ్యుడు జార్జ్ వెంట్ హెన్స్లీ. 1955లో పాము కరిచే చనిపోయాడు. ఆయన తర్వాత కూడా మనుషులు పోయారు. ఎవరో తర్వాత చేర్చిన మాటలని వాళ్లకు ఎవరైనా చెప్పారా? చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? నాకు కోపం వచ్చేది ఇక్కడే. పండితులకు తెలిసిన విషయం వేదిక నుంచి కిందికి దిగదు. చదువుకున్న పాస్టరుకు తెలుసు, ముందు వరుసలో కూర్చున్న తల్లికి తెలియదు.

వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీ కథ, "మీలో పాపం లేనివాడు మొదటి రాయి వేయాలి" అన్న కథ, యోహాను 8వ అధ్యాయంలో ఉంది. అంత గొప్ప కథ ఇంకోటి లేదంటాను నేను. అదీ తొలి ప్రతుల్లో లేదు. బాధగానే ఉంటుంది, కానీ లేదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. 1707లో ఆక్స్‌ఫర్డ్ పండితుడు జాన్ మిల్ ముప్పై ఏళ్లు కష్టపడి, సుమారు వంద ప్రతుల్ని పోల్చి, కొత్త నిబంధనలో దాదాపు 30,000 పాఠభేదాలు చూపించాడు. జనం అదిరిపోయారు. ఇప్పుడు గ్రీకు ప్రతులే అయిదు వేలకు పైగా ఉన్నాయి, తేడాలు లక్షల్లోకి వెళ్లాయి. వాటిలో నూటికి తొంభై వంతులకు పైగా అక్షరదోషాలు, పదాలు అటూ ఇటూ కావడం లాంటివే. అర్థం మారదు. "లక్షల తప్పులు" అని అరిచి భయపెట్టేవాళ్లతో నేను చేరను. నా వాదనకు ఆ సంఖ్య అవసరం లేదు. పస్కా తారీఖు ఒక్కటి చాలు.

చివరగా ఒక వాదన మిగులుతుంది, అన్నిటికన్నా గట్టిదని వాళ్లు అనుకునేది. 1978లో చికాగోలో సువార్తిక, అంటే బైబిలే అంతిమ ప్రమాణమనే ప్రొటెస్టెంట్, పండితులు, బోధకులు సమావేశమై బైబిలు నిర్దోషత్వం మీద ఒక ప్రకటన చేశారు. దాని ప్రకారం దైవప్రేరణ, కచ్చితంగా చెప్పాలంటే, మూల ప్రతులకే వర్తిస్తుంది. అంటే మార్కు తన చేత్తో రాసిన కాగితానికి, పౌలు చెప్పి రాయించిన ఉత్తరానికి. ఆ మూల ప్రతుల్లో ఒక్కటైనా ఉందా? లేదు. యోహాను సువార్తలో మనకు దొరికిన అతి పాత ముక్క, మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ లైబ్రరీలో ఉన్నది, సుమారు 9 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు. రెండో శతాబ్దానిదని ఎక్కువమంది అంచనా. అదీ నకలే. ఉన్న ప్రతుల నుంచి మూలాన్ని చాలా కచ్చితంగా తెలుసుకోవచ్చని ఆ ప్రకటనలోనే రాశారు. చాలా వరకు నిజమే. కానీ అప్పుడు తెలుసుకున్న మూలంలో తప్పు కనిపిస్తే "మూలం ఇది కాదేమో" అంటారు, కనిపించకపోతే "చూశారా" అంటారు. ఎటు తిరిగినా ఓడిపోని మాటను పరీక్షించడం ఎలా? మత్తయిలో, మార్కులో, యోహానులో పస్కా తారీఖు సరిపోయేలా ఉన్న పాత ప్రతి ఒక్కటీ దొరకలేదు.

ఏ పుస్తకాలు బైబిల్లో ఉండాలన్నదీ ఒక్కసారిగా తేలింది కాదు. కొత్త నిబంధనలో ఇవాళ ఉన్న 27 పుస్తకాల జాబితా సరిగ్గా అలాగే మొదటిసారి కనిపించేది 367లో, అతనాసియస్ అనే బిషప్ రాసిన ఈస్టర్ ఉత్తరంలో. సినాయ్ ప్రతిలో కొత్త నిబంధన చివర, మన బైబిల్లో లేని బర్నబా పత్రిక, హెర్మాసు కాపరి అనే పుస్తకాలు కూడా ఉన్నాయి. మొత్తం బైబిల్లో పుస్తకాలు ప్రొటెస్టెంట్లకు 66, క్యాథలిక్కులకు 73, ఇథియోపియా సంఘానికి ఇంకా ఎక్కువ, వాళ్ల దాంట్లో హనోకు గ్రంథం కూడా ఉంది. ఆ హనోకు గ్రంథం నుంచి మన బైబిల్లోని యూదా పత్రిక 14, 15 వచనాలు ప్రవచనంగా ఉదహరిస్తాయి. ఉదహరించినది లోపల, ఉదహరింపబడినది బయట. దీనికి వేరే రోజు కావాలి, ఇప్పుడు వద్దు.

ఇక నేను ఆపి మిమ్మల్ని వింటాను. ఒక చిన్న పని మాత్రం అడుగుతాను. నా మాట నమ్మకండి. మార్కు 14, 15 అధ్యాయాలు, యోహాను 18, 19 అధ్యాయాలు, ఈ నాలుగూ ఒకే రోజు, ఒకే బల్ల మీద చదవండి. యోహాను 13వ అధ్యాయం మొదటి వచనం కూడా. భోజనం ఎప్పుడు అయిందో కాగితం మీద రాసుకోండి. అవి పొసగుతాయని మీకు అనిపిస్తే ఎలా పొసగుతాయో నాకు చెప్పండి, వచ్చే సమావేశంలో ఈ వేదిక మీదే చెప్పండి, పూర్తి సమయం ఇస్తాం. ఇప్పుడు ప్రశ్నలు. విశ్వాసులు ముందు అడగాలని నా కోరిక. మైకు వెనక వరుస నుంచి మొదలుపెట్టండి.